కాళవేల రేవులో పదోపాలు

కాళవేల రేవు పేరు నడిసముద్రంలో ఎత్తడానికి ఓడలు నడిపే ముసలి తండేళ్ళు ఒప్పుకోరు. అడిగితే మాట మార్చి తెరచాపకేసి చూస్తారు. తమాలదేశానికి తూర్పు వాకిలి అది. రెండు నల్లరాతి కొండల నడుమ అక్కడి సముద్రం కూడా నల్లబడి, నూనెలా కదలక మెదలక పడి ఉంటుంది. ఒడ్డున పగడపు గుమ్మటాల మేడలు, వెండిరేకు తాపిన దీపస్తంభం, ఏనుగుదంతపు కమ్ముల కిటికీలు, ఏ కాస్త గాలి వీచినా గలగలమనే గవ్వల తోరణాలు. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. కాసేపు నిలబడి చూస్తే మటుకు ఒళ్ళు జలదరిస్తుంది. బజారులో అమ్మకానికి పెట్టిన నిలువుటద్దానికి ఒక మూల కోసేసి ఉంటుంది. రాజవీధిన నడిచే ఏనుగుకు తొండం కొస ఉండదు. వీణకు ఒక తంతి తక్కువ, రథానికి ఒక చక్రం తక్కువ. ఆ ఊళ్ళో నిండుగా ఉన్న వస్తువు ఒక్కటి చూపించమనండి, చూపించలేరు.

అదంతా సుంకం మహిమ. కాళవేలలో సుంకం వరహాలతో తీరదు. రేవులో దిగిన ప్రతి సరుకులోనూ పదోపాలు సుంకపుసాలకు చెందాలి. మిరియాలైతే పది బస్తాలకు ఒక బస్తా. పంచడానికి వీల్లేని వస్తువైతే కోసి తీసుకుంటారు. ఏ పక్కనుంచి కొయ్యాలో ఎంచుకునే హక్కు సుంకాధికారిది. మనుషులకు మాత్రం సుంకం లేదు. గడపమీద నిలబడి ఎవరి పేరు వాళ్ళు చెప్పుకుంటే చాలు, లోపలికి వదిలేస్తారు.

శ్యామగిరి నుంచి వచ్చిన, కుస్తీలు పట్టే జెట్టి బొల్లనకు ఈ సంగతులేవీ తెలియవు. ఎలా తెలుస్తాయి? శ్యామగిరి కొండల నడిమి రాజ్యం. అక్కడ రేవూ లేదు, సుంకమూ లేదు. విలువైనదాన్ని కాపాడుకోవాలంటే దానికి చవకబారు పేరు పెట్టడం అక్కడివాళ్ళ అలవాటు. లేకలేక పుట్టిన బిడ్డను పెంటయ్య అంటారు. మేలిమి బంగారు కడియాన్ని ఇత్తడిదని చెప్పుకుంటారు. దిష్టి తగలదు, దొంగ కన్నూ పడదు. పుట్టినప్పటినుంచీ ఒంటబట్టిన ఆ అలవాటే బొల్లన కొంప ముంచింది.

జరిగిందేమిటంటే, నెల కిందట వేటకు వెళ్ళిన యువరాజు జయసింధుడు దారిలో ఒక బైరాగి ఇచ్చిన పువ్వు వాసన చూసి, నిలబడ్డవాడు నిలబడ్డట్టే రాయైపోయాడు. బొల్లనా యువరాజూ ఒకే తల్లి పాలు తాగి పెరిగినవాళ్ళు. కన్నది వేరైనా ఇద్దరినీ పెంచింది బొల్లన తల్లి. తమాలదేశంలో మౌనగిరి మీద ఒక ఊట ఉందనీ, ఆ నీళ్ళు నోట్లో పోస్తే రాయైన మనిషి లేచి కూర్చుంటాడనీ ఎవరో దారినపోయే మనిషి కోటలో చెప్పిపోయాడు. ముసలిరాజు బొల్లన చేతులు రెండూ పట్టుకుని, నా బిడ్డను చెక్కుచెదరకుండా తెచ్చిపెట్టు నాయనా అని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. రాజు ఏడవడం బొల్లన ఎన్నడూ చూడలేదు. ఆ రోజే పట్టు తలపాగా చుట్టి, చెవులకు పోగులు తగిలించి, విగ్రహాల వర్తకుడు గవరశెట్టిగా వేషం కట్టాడు. యువరాజును కాళ్ళకింద రాతిపీటతో, తలమీద రాతికిరీటంతో అచ్చం విగ్రహంలా తయారుచేసి, దూదిపరుపు వేసిన టేకుపెట్టెలో పడుకోబెట్టి ఓడెక్కాడు.

రేవుగడప మీద బంటు, పెట్టెలో ఏముందని అడిగాడు. రాతి విగ్రహం అన్నాడు బొల్లన, ఎంతో తెలివిగా చెప్పాననుకుంటూ. అనుమానం రాకూడదని మూత కూడా తానే తీసి చూపించాడు. ఆ మాట తాటాకుమీద ఎక్కింది. ఇక అది విగ్రహం. విగ్రహమైతే పదోపాలు కొయ్యాలి. మూడోనాటి మిట్టమధ్యాహ్నం రంపం వేస్తామనీ, అందాకా పెట్టె సాలలో ఉంటుందనీ చెప్పి బంటు పక్కవాడి మూట విప్పుకున్నాడు.

మొదటిరోజు పొద్దు వాలకముందే అతను తన దారి తాను చూసుకోబోయాడు. సాల వెనకగోడ దూకి, అడ్డొచ్చిన ఇద్దరు బంట్లను చెరో చేత్తో ఎత్తి చేపలబుట్టల్లో కుదేశాడు. పెట్టె భుజానికెత్తుకుని పరుగు లంకించుకున్నాడు. మదపుటేనుగు తొండం పట్టి నిలబెట్టిన భుజం అది. పది అడుగుల్లో పెట్టె రెట్టింపు బరువైంది. ఇరవై అడుగుల్లో మోకాళ్ళు వంగాయి. గడప కనుచూపు దూరంలో ఉండగా పెట్టె అతన్ని నేలకు అదిమేసింది. ఊపిరాడక కొట్టుకుంటుంటే, ఆశ్చర్యం, వెంటపడ్డవాడు ఒక్కడు లేడు. బంట్లు అరుగుమీద కూర్చుని పులిజూదం ఆడుకుంటున్నారు. విడుదల ముద్ర లేని సరుకు ఆ గడప దాటదని, దాటించబోయినవాళ్ళ ఎముకలు గోడవారనే ఉన్నాయని ఒకడు తల తిప్పకుండానే చెప్పాడు.

అప్పుడు పరిచయమైంది నాంచారి. యాభై ఏళ్ళ మనిషి, నోటినిండా తాంబూలం, నడుముకు తాటాకుల కట్ట. సాలలో చిక్కుకున్న సరుకుల తరఫున ధర్మాసనం ముందు వాదించి పొట్టపోసుకుంటుంది. పెట్టె కింద నుంచి బొల్లనను లాగి, మంచినీళ్ళిచ్చి, నిజం చెప్పమంది. అతను గవరశెట్టి కథే మళ్ళీ మొదలెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నాయనా, ఈ ఏడాదిన్నరలో రాతి విగ్రహమని చెప్పి పెట్టె దించినవాళ్ళలో నువ్వు పదోవాడివి. ఇట్టా రా, ఒకటి చూపిస్తాను."

సాల లోపలి గదిలో పొడుగాటి బల్ల వేసి ఉంది. పైకప్పు సందుల్లోంచి పడే ఎండలో ఆ బల్లమీద ఒక రాతిమనిషి పడుకుని ఉన్నాడు. ఒక్క రాయి కాదు, తొమ్మిది ముక్కలు. రెండు పాదాలు, రెండు కాళ్ళు, రెండు చేతులు, నడుము, మెడ, తల. ఒక్కో ముక్క ఒక్కో రంగు రాయి. శిల్పి ఎంత గొప్పవాడైనా చెక్కలేని నరాలు మణికట్టుమీద ఉబ్బి ఉన్నాయి. చెవి వెనక పుట్టుమచ్చ ఉంది. ఒక కాలిమడమకు ముల్లు గుచ్చుకున్న మచ్చ ఉంది. మెడకూ నడుముకూ మధ్య బల్ల ఖాళీగా ఉంది.

ఆ తొమ్మిది ముక్కలూ తొమ్మిది రాజ్యాల యువరాజులవి. తెచ్చినవాళ్ళందరూ బొల్లనలాగే భయపడి, బొల్లనలాగే అబద్ధం చెప్పారు. మిగిలిన శరీరాలను ఊటకు తీసుకుపోయి నీళ్ళు పోశారు. పాదం పోయినవాడు కుంటుకుంటూ అయినా తన దేశం చేరాడట. తల పోయినవాడి మాట నాంచారి చెప్పలేదు. బొల్లన అడగలేదు. ఆ ఖాళీజాగామీద అరచెయ్యి పెట్టి చూశాడు, అది ఛాతీ ఉండాల్సిన చోటు. యువరాజు గుండెలమీద తల పెట్టుకుని చిన్నప్పుడు ఎన్నిసార్లు నిద్రపోయాడో అతనికి లెక్కే లేదు.

మూడోనాడు పొద్దు నడినెత్తికి రావడానికి ఇంకా నాలుగు ఘడియలుండగా ధర్మాసనం కొలువు తీరింది. సముద్రంలోకి పొడుచుకొచ్చిన చలువరాతి మండపం, పదహారు స్తంభాలు ఉండాల్సిన చోట పదిహేనే ఉన్నాయి. నడుమ ధర్మాధికారి సోమిదేవయ్య కూర్చున్నాడు. తొంభై ఏళ్ళ ముసలాయన, నీతిపరుడు, తాటాకులో ఉన్న అక్షరాన్ని దాటి ఇటు గోరంత అటు గోరంత జరగడు. అలాంటివాళ్ళతోనే ప్రమాదం. ఆయన కుడివైపు సుంకాధికారి కరాళదత్తుడు. పేరు విని ఏ కోరలవాడినో ఊహించుకున్నాడు బొల్లన. తీరాచూస్తే సన్నగా, చామనఛాయగా, తెల్లటి పంచెలో కొత్త అల్లుడంత మర్యాదగా ఉన్నాడు. ప్రయాణం బాగా జరిగిందా, ఇక్కడి నీళ్ళు పడుతున్నాయా అని బొల్లనను కుశలం అడిగాడు. పక్కనే ఇద్దరు మనుషులు రంపం పళ్ళకు ఆముదం రాస్తున్నారు. అతను వాళ్ళకేసి తిరిగి, నిదానంగా కానివ్వండి, తొందరేముంది అన్నాడు.

నాంచారి తన విద్యంతా బయటకు తీసింది. విగ్రహం కింద పీట ఉంది, తలమీద కిరీటం ఉంది, ఆ రెండూ కలిపితే పదోపాలు సరిపోతాయి, అవి కోసుకోండి అంది. ఎంచుకునే హక్కు నాది, నేను ఛాతీ ఎంచుకున్నాను అన్నాడు కరాళదత్తుడు. సోమిదేవయ్య తాటాకు చూసి, హక్కు ఆయనదే అన్నాడు. ఈ సరుకు తమాలదేశంలో అమ్మేది కాదు, మౌనగిరి దాకా వెళ్ళి తిరిగి ఇదే రేవున ఓడెక్కేది, దారినపోయే సరుకుకు సుంకమేమిటి అంది. దారినపోయే సరుకైతే పెట్టె తెరవకూడదు, తెరిచి చూపించింది మీ శెట్టే కదా అన్నాడు కరాళదత్తుడు. అదీ నిజమే అన్నాడు సోమిదేవయ్య. నాంచారి నోట్లో తాంబూలం ఎండిపోయింది. స్తంభం నీడ కురచబడుతూ వచ్చింది. రంపం మనుషులు లేచి నిలబడి పంచెలు బిగించుకున్నారు.

బొల్లన ఇక ఆగలేదు. తలపాగా తీసి నేలమీద పెట్టాడు. చెవిపోగులు ఊడదీసి దానిమీద వేశాడు.

"ధర్మప్రభువులు మన్నించాలి. నేను శెట్టిని కాను, జెట్టిని. నా పేరు బొల్లన. గడపమీద అబద్ధం చెప్పాను. పెట్టెలో ఉన్నది విగ్రహం కాదు, మనిషి. నా తమ్ముడిలాంటివాడు."

రంపం మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కరాళదత్తుడు మాత్రం తలాడించాడు, చాలా రోజులుగా ఎదురుచూస్తున్న కబురు అందినవాడిలా. మనిషైతే తన పేరు తాను చెప్పాలి కదా, చెప్పమనండి అన్నాడు. పెట్టెలోని రాయి పలకలేదు.

అప్పుడు నాంచారి కట్టలోంచి ఒక తాటాకు లాగింది. పురుగు తిని సగం పోయిన పాత ఆకు. నోట మాట లేని రోగిని రేవు దాటించాల్సి వస్తే ఒక మనిషి పూచీ నిలబడవచ్చునని అందులో ఉంది. సోమిదేవయ్య ఆ ఆకును కళ్ళకు ఆనించుకుని మూడుసార్లు చదివాడు. చదివి, చాలా ఇష్టంలేని గొంతుతో తీర్పు చెప్పాడు.

"ఆకు చెల్లుతుంది. కానీ బొల్లనా, గడపమీద అబద్ధమాడినవాడి మాట ఈ రేవులో ఇక చెల్లదు. మాట చెల్లనివాడు ఒంటిపూచీ పెట్టాలి. రోగి రేపటినుంచి మూడోనాటి పొద్దు గుంకేలోగా తిరిగొచ్చి ఈ గడపమీద నిలబడి తన పేరు చెప్తే నువ్వు విడుదల. చెప్పకపోతే ఆ పదోపాలు నీ ఒంట్లోంచి కోస్తారు. ఆలోచించుకో."

ఆలోచించుకోవడానికి ఏముంది? ఊటకు పోను ఒకటిన్నర రోజు, రాను ఒకటిన్నర రోజు. ఎద్దులు మంచివైతే చాలు. యువరాజు లేచి కూర్చుంటే పరుగెత్తుకు రాడూ? బొల్లన ధర్మాసనం ముందున్న సుంకపురాతిమీద చెయ్యి వేసి ఒంటిపూచీ నిలబడ్డాడు. నెలరోజుల తర్వాత మొదటిసారి అతని గుండె తేలికపడింది. నాంచారి తానే బండి తోలుకుపోతానంది. డబ్బు తీసుకోనంది. వాదన గెలవడం ఈ మధ్య అలవాటు తప్పిపోయింది, ఆ సంతోషం చాలు నాకు అంది.

అందరూ రేవుగడప దగ్గరికి నడిచాక పెట్టెను ఎద్దుబండికి ఎక్కించారు. రేవులో ఎవరైనా సంకెళ్ళు పట్టుకొస్తారేమోనని బొల్లన చేతులు ముందుకు చాపాడు. ఎవరూ తేలేదు. పూచీ నిలబడ్డవాడిని కట్టెయ్యడం మర్యాద కాదని కరాళదత్తుడు నవ్వాడు. నవ్వి, ఒక వెండి చెంబుతో బొల్లన పాదాలమీద నీళ్ళు పోశాడు. చల్లటి నీళ్ళు. పోస్తూ, వంగి, అతనికొక్కడికే వినబడేలా చెప్పాడు.

"మీ చినదొరకు ఆ పువ్వు ఇచ్చిన చెయ్యి ఇదే బొల్లనా. ఊట సంగతి మీ కోటలో చెప్పిందీ నేనే. తొమ్మిదిమందికీ అలాగే చెప్పాను. ఊట అబద్ధం కాదులే, నిజమే. పది ముక్కలూ అతికితే నా బల్లమీదివాడు లేచి పది సింహాసనాలు అడుగుతాడు. వాడికి రాజుగుండె పెడదామనుకున్నాను. నిన్ను చూశాక అనిపిస్తోంది, సేవకుడి గుండే మేలు. చెప్పినట్టు వింటుంది."

బొల్లన అతని పీక పట్టుకోబోయాడు. చెయ్యి చాపాడు గాని అడుగు పడలేదు. కిందకు చూసుకుంటే కాలివేళ్ళు బూడిదరంగుకు తిరిగి ఉన్నాయి. నీళ్ళు తగిలినంత మేరా రాయి. అది గోళ్ళనుంచి మడమలకు, మడమలనుంచి పైకి, చీమ పాకినంత నెమ్మదిగా ఎక్కుతోంది. ఈ రేవులో సంకెళ్ళు ఎందుకు లేవో ఇప్పుడు అర్థమైంది. మూడు రోజులు పోయేసరికి అది గుండెదాకా వస్తుంది. రంపానికి సిద్ధంగా ఉంటుంది.

అంతటితో అయిపోలేదు. విడుదల ముద్ర ఇంకా పడాలి. సోమిదేవయ్య తాటాకు తీసి విధి ప్రకారం చదివాడు. విడుదలైన ప్రతిదానికీ తెరుచుకునే చోట లక్కముద్ర వెయ్యాలి. ముద్ర పగిలి తిరిగొచ్చినది ఏదైనా సరే దొంగసరుకు, దాన్ని సుంకాధికారి మొత్తంగా తీసుకోవచ్చు. కరాళదత్తుడు లక్క కరిగించాడు. పెట్టెకు వేస్తాడని అందరూ అనుకున్నారు. పెట్టె కాదు కదా విడుదలైంది, మనిషి అంటూ మూత తీసి, ఆ ఎర్రటి లక్కను యువరాజు పెదవులమీద పోసి, దానిమీద తన ఉంగరం అదిమాడు.

నాంచారి నడుముకున్న కట్ట గబగబా విప్పి చూసింది. ఈ మెలిక ఆమె తాటాకుల్లో ఎక్కడా లేదు. ముద్ర పగలగొట్టకపోతే ఊటనీళ్ళు గొంతు దిగవు. పగలగొడితే యువరాజు లేస్తాడు, లేచి ఈ గడపకు వస్తే దొంగసరుకవుతాడు. రాకపోతే బొల్లన చస్తాడు. ఆమె సోమిదేవయ్యకేసి చూసింది. ముసలాయన తాటాకు తిరగేసి, మరగేసి, చివరికి కళ్ళు దించుకున్నాడు. విధిలో తప్పులేదు. అదే ఆయన దుఃఖం.

ఆమె పగ్గాలు పట్టుకుని, బండి దిగాలో తోలాలో తెలియక, మింగలేక కక్కలేక బొల్లనకేసి తిరిగింది. అబ్బాయీ, నేనే నిన్ను ఇందులోకి దింపాను, ఇప్పుడేం చెయ్యమంటావు అని అడిగింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

బొల్లన పెట్టెకేసి చూశాడు. తెరిచిన మూత కింద జయసింధుడి ఛాతీ కనిపించింది. చిన్న పగులైనా లేకుండా నిండుగా ఉంది. చెక్కుచెదరకుండా తెచ్చిపెట్టమన్నాడు ముసలిరాజు. బొల్లనకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, దాచుకోలేదు, ఏడుస్తూనే మాట్లాడాడు. గొంతు మాత్రం బరిలో నిలబడ్డప్పటిలాగే గట్టిగా ఉంది.

"ముద్ర పగలగొట్టమ్మా. నీళ్ళు తాగించు. లేచాక, పెట్టెలూ బండ్లూ ఎక్కని పడమటి కనుమ మీదుగా కాలినడకన మా దేశం పంపించెయ్యి. ఇటు రావద్దని నేను ఒట్టు పెట్టానని చెప్పు. వాడు వింటే వింటాడు, వినకపోతే కాళ్ళూ చేతులూ కట్టి పంపించు."

నాంచారి ఏదో అనబోయింది. తోలమ్మా అన్నాడు బొల్లన. ఆమె పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుని ఎద్దులను అదిలించింది. బండి గడప దాటింది. ఈసారి పెట్టె బరువెక్కలేదు. ఎద్దులు అవలీలగా మౌనగిరి దారి పట్టాయి. మలుపు తిరిగేదాకా చూడాలని బొల్లన పక్కకు ఒరిగాడు. చీలమండ వంగలేదు.